రోగపు వదంతియు, విమానపు షేరును

2025 జనవరి 6వ తేదీ సోమవారమునాడు బెంగళూరులో ఇరువురు పసిబిడ్డలకు హెచ్.ఎం.పి.వి. అను వైరసు సోకినదను వార్త వెలువడినది. ఆ సాయంకాలమునకు బొంబాయి షేరు బజారు సూచిక 1,258 పాయింట్లు పడిపోయినది. ఆ రాత్రియే మా వీధి అరుగుమీద నలుగురు పిన్నవారు ఫోనులు చేతబట్టుకొని, విమాన సంస్థల షేర్లు వెంటనే అమ్మివేయవలెనా, లేక మరికొంత పడనిచ్చి కొనవలెనా యని తర్కించుకొనుచుండగా వింటిని. ఆ వైరసు కొత్తది కాదనియు, దానిని 2001లోనే శాస్త్రజ్ఞులు గుర్తించి యున్నారనియు వారిలో ఒక్కరికిని తెలియదు. తెలిసినను లెక్కచేసి యుండరు. వారి కంటికి కనబడుచున్నది 2020వ సంవత్సరము. నాడు భయపడి అమ్మినవారు చెడిరి, ధైర్యము చేసి కొన్నవారు బాగుపడిరి, కనుక ఈసారి మనమే ముందుండవలెననునది వారి వాదము.

ఆ వాదములో సగము నిజము కలదు. మిగిలిన సగమును గూర్చియే నేను వ్రాయబూనితిని.

మన కుటుంబములలో ధనము దాచుకొను రీతి మారినదని పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. జయపురము జమీందారీ విశాఖపట్టణము జిల్లాలో చేరి మదరాసు రాజధానిలో నుండిన కాలమున మన పెద్దలు ఇచ్చట స్థిరపడిరి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి సరిహద్దు మారినపుడును కదలక నిలిచిరి. వారికి పొదుపనగా పొలము, బంగారము, కొట్టులోని సరకు, తెలిసినవారివద్ద వేసిన చీటీ. వారి మనుమలకు పొదుపనగా డీమాటు ఖాతా. దేశమంతటను ఇట్టి ఖాతాలు 2020 మార్చిలో సుమారు 4 కోట్లు మాత్రమే యుండగా, 2022 మార్చి నాటికి దాదాపు 9 కోట్లయినవి. అనగా ఖాతాదారులలో సగమునకు పైబడినవారు మహమ్మారి నడుమనే బజారులో అడుగుపెట్టిరి. ధరలు అడుగున నుండగా ప్రవేశించి, అవి లేచుటనే చూచినవారు వీరు. పడినది పడినట్లే యుండిపోవుట వీరి అనుభవములో లేదు. ఈ రెండు జిల్లాలలో ఏ కుటుంబము ఎంత సొమ్ము ఈ దారిని పెట్టినదో నేను లెక్క చెప్పలేను గాని, పెండ్లి మాటలలోను, కాలేజీ చదువుల మాటలలోను షేర్ల ప్రస్తావన వచ్చుచున్నదన్నచో అది చిన్న సంగతి కాదు.

నా అభిప్రాయమును ముందే చెప్పెదను. మహమ్మారి వచ్చినపుడు విమాన సంస్థను గాని, విమానాశ్రయపు కంపెనీని గాని కూల్చునది రోగముకంటె అప్పు. రోగము అందరికిని ఒక్కటే. దాని ఎదుట నిలిచినవారి గతులు మాత్రము వేరువేరు. ధరల పట్టికను ఎంతసేపు చూచినను ఈ భేదము తెలియదు.

2020లో జరిగినదేమి? మార్చి 25న మన దేశములో ప్రయాణికుల విమానములు సర్వత్ర నిలిచిపోయినవి. మే 25న గాని మరల ఎగురలేదు. విదేశములకు నియమిత సర్వీసులు నిలిచినవి రెండేండ్లు నిలిచి, 2022 మార్చి 27న తిరిగి మొదలయినవి. 2019లో దేశములోపల 14 కోట్ల 40 లక్షలకు పైగా ప్రయాణములు జరుగగా, 2020లో 6 కోట్ల 30 లక్షలు మాత్రమే జరిగినవి. ప్రపంచమంతటి విమాన సంస్థలకు ఆ యొక్క సంవత్సరములో 13,700 కోట్ల డాలర్లకు పైగా నష్టము వచ్చినదని వాటి అంతర్జాతీయ సంఘము తేల్చినది. రాయగడ స్టేషనులో ప్రయాణికుల బండి ఆగక, గూడ్సు బండ్లు మాత్రమే పోవుచుండిన ఆ దినములను మనమును మరువలేదు. రైలుకు గూడ్సు మిగిలినది. విమానమునకు అదియు అంతంత మాత్రమే.

విమాన సంస్థ వ్యాపారములోని చిక్కు ఏమనగా, అది అమ్మునది నిలువయుండని సరకు. కోరాపుటు సంతలో అమ్ముడుపోని పనసపండు మరునాడు తక్కువ ధరకైనను పోవును. ఖాళీగ ఎగిరిన సీటునకు మరునాడు లేదు. ఎగురని విమానముపైనను అద్దె ఆగదు. ఆ అద్దె పెక్కు సంస్థలు డాలర్లలో చెల్లించును. 2020 ఏప్రిలులో చమురు ధర ఎన్నడును లేనంతగా పడిపోయినది గాని, అప్పుడు విమానములు నేలమీద నున్నవి. 2022లో అవి నిండుగ ఎగురుచుండగా చమురు ధర మండినది. దురదృష్టమనవచ్చునేమో! కాని ఈ వ్యాపారములో ఇది అరుదు కాదు.

ఇట్టి సమయమున చేతిలో రొక్కమున్నవాడు బ్రతుకును. ఇండిగో సంస్థవద్ద 2020 మార్చి చివర సుమారు 20,000 కోట్ల రూపాయల నిలువ యుండెను. అందులో సగమునకు పైగా ఇతర బాధ్యతలకు కట్టుబడినదే అయినను, మిగిలినది ఊపిరి నిలుపుటకు చాలినది. ఫిబ్రవరిలో 1,400 రూపాయలకు పైబడి పలికిన దాని షేరు మార్చిలో ఒక దశలో దాదాపు సగమైనది. ఆ పిమ్మట జరిగినది వింతగ నుండును. 2020-21లో 5,806 కోట్లు, 2021-22లో 6,162 కోట్లు నష్టము చూపిన ఆ కాలముననే షేరు ధర మహమ్మారికి పూర్వపు ధరను దాటిపోయినది. నష్టము పెరుగుచుండగా ధర ఏల పెరిగినది? పోటీదారులు అంతకంటె బలహీనులై యుండుటచేత. 2023లో దేశీయ ప్రయాణములలో నూటికి అరువది వంతులు ఆ సంస్థవే. 2023-24లో 8,172 కోట్లు లాభము వచ్చినది. మన పిన్నవారు ఎత్తి చూపునది ఈ కథనే.

రెండవ కథను వారు చెప్పరు. గో ఫస్ట్ అను సంస్థ 2021లో 3,600 కోట్ల రూపాయలకు ప్రజలకు షేర్లు అమ్మ తలపెట్టి అనుమతియు పొందినది. ఆ అమ్మకము జరుగలేదు. 2023 మేలో అది దివాలా న్యాయస్థానమునకు పోయినది. ఇంజనుల లోపమే కారణమని సంస్థ వాదించినది. 2025 జనవరిలో దాని ఆస్తులు అమ్మివేయుటకు ఆజ్ఞ అయినది. ఆ షేర్లు నాడు బజారులోనికి వచ్చియున్నచో, “రోగము తగ్గుచున్నది, విమానములు లేచును” అను మాట నమ్మి కొన్నవారిలో మనవారెందరు ఉండెడివారో! ఆస్ట్రేలియాలో రెండవ పెద్ద సంస్థయైన వర్జిన్ ఆస్ట్రేలియా 2020 ఏప్రిలులోనే చేతులెత్తినది. విమానములు మరల ఎగిరినవి, పేరును నిలిచినది, కాని పాత వాటాదారులకు చిల్లిగవ్వ దక్కలేదు. సంస్థ బ్రతుకుట వేరు, వాటాదారు బ్రతుకుట వేరు.

అమెరికాలో వారెన్ బఫెట్ గారు నాలుగు విమాన సంస్థలలోని తమ వాటాలన్నియు అమ్మివేసితిమని 2020 మే 2న ప్రకటించిరి. నెల తిరుగక మునుపే ఆ షేర్లు పైకి లేవగా, వృద్ధుడు భయపడినాడని ఎగతాళి చేసినవారు కలరు. ఎవరు సరియో ఒక్క మాటలో తేల్చలేము. ఆ నాలుగింటిలో యునైటెడ్ షేరు 2024 చివరకు 2019 చివరి ధరను దాటినది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ షేరు అయిదేండ్లయినను ఆ ధరకు చేరలేదు. అమెరికన్ సంస్థకు అప్పుల బరువు ఎక్కువయని రోగము రాక పూర్వమే తెలిసిన సంగతి.

2003లో సార్స్ వ్యాధి వచ్చినపుడు ఇట్లు జరుగలేదు గదా యని చదువరులు కొందరు అడుగవచ్చును. నాడు ఆసియా పసిఫిక్ సంస్థలు ఏడాది రాకపోకలలో నూటికి ఎనిమిది వంతులు, సుమారు 600 కోట్ల డాలర్ల ఆదాయము పోగొట్టుకొనినవి. అయితే ఆ వ్యాధి కొలది దేశములకు పరిమితమై, జులై మొదటివారములోనే అదుపులోనికి వచ్చినది. ప్రయాణికులు త్వరలోనే తిరిగి వచ్చిరి. హాంకాంగులోని కాథే పసిఫిక్ సంస్థ నాడు తన కాళ్లపై తాను లేచినది. 2020లో అదే సంస్థ 3,900 కోట్ల హాంకాంగు డాలర్ల రక్షణ పథకము లేనిదే నిలువలేకపోయినది. అందులో భాగముగ పాత వాటాదారులు మరల సొమ్ము పెట్టవలసివచ్చినది. పెట్టనివారి వాటా పలుచబడినది. 2003 పాఠము చదివి 2020 పరీక్ష వ్రాసినవారు ఈ విధముగ తప్పిరి.

ఇక విమానాశ్రయముల సంగతి. ఇందు మనకు దగ్గరివారి కథయే కలదు. జి.ఎం.ఆర్. సంస్థను స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావు గారు రాజాము వారు. పార్వతీపురము, బొబ్బిలి మీదుగ పోయినచో రాజాము మనకు దూరపు ఊరు కాదు. అచ్చటి జనపనార మిల్లుతో మొదలైన వ్యాపారము 2006లో ఢిల్లీ విమానాశ్రయమును చేపట్టి, 2008లో శంషాబాదు విమానాశ్రయమును తెరచినది. హైదరాబాదు కేంద్రముగాగల జి.వి.కె. సంస్థ అదే 2006లో ముంబాయి విమానాశ్రయమును చేపట్టినది. రెండును తెలుగువారివే. రెండును షేరు బజారులో నున్నవే. రెండును విద్యుత్తు, రోడ్లు మొదలగు వాటికై అప్పులు తెచ్చి బరువు మోయుచుండినవే. 2008 తరువాత వాటి షేర్లు పడిపోవుటకు ఏ రోగమును కారణము కాదు.

2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సునకు చెందిన ఎ.డి.పి. అను విమానాశ్రయ సంస్థ జి.ఎం.ఆర్. విమానాశ్రయ వ్యాపారములో నూటికి 49 వంతులు 10,780 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పుకొని, మొదటి వాయిదాగ 5,000 కోట్లకు పైబడిన సొమ్మును ఆ నెలలోనే చెల్లించినది. రెండు వారములకు, మార్చి 11న, ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిని ప్రకటించినది. రెండవ వాయిదాను జులైలో సవరించి, అందులో వేయి కోట్లకు పైగా మొత్తమును భావి ఫలితములకు ముడిపెట్టిరి. తగ్గినను సొమ్ము చేతికందినది. జి.వి.కె. వారును 2019 అక్టోబరులోనే అబుధాబి, కెనడా పెట్టుబడిదారులతోను, మన జాతీయ పెట్టుబడి నిధితోను 7,614 కోట్లకు ఒప్పందము చేసికొనియుండిరి. అది పూర్తి కాలేదు. కారణము మహమ్మారి యొక్కటియే అనుట సరికాదు. కాని విమానములు నిలిచిన వేళ ఋణదాతలకు ఓపిక లేకపోయినది. 2020 ఆగస్టు చివర అదానీ సంస్థ ఆ అప్పును కొనుటకు ఒప్పుకొనినది. 2021 జులైలో ముంబాయి విమానాశ్రయము దాని యాజమాన్యములోనికి పోయినది. 2024 జులైలో జి.వి.కె. మాతృసంస్థ దివాలా విచారణకు వచ్చినది. 2020 మార్చి చివర ఇరువది రూపాయలకు దిగువన పలికిన జి.ఎం.ఆర్. షేరు ఆ 2024లోనే తొంబది దాటినది, అదియు లెక్కల పుస్తకములలో ఇంకను నష్టమే కనబడుచుండగా.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి ఆలోచింపుడు. ముంబాయిలో రన్‌వేలు ఉన్నచోటనే యున్నవి. ప్రయాణికులు తిరిగి వచ్చిరి. విమానాశ్రయమునకు ఏ లోపమును రాలేదు. దాని కోలుకొనుట వలన లాభము పొందినవాడు మాత్రము మారినాడు. విమానాశ్రయము లేచునని ఊహించినవారి ఊహ తప్పు కాలేదు. ఎవరి షేరు కొనవలెనో తెలియుటయే కష్టము.

విమానాశ్రయమునకు విమాన సంస్థకు లేని ఆధారము మరియొకటి కలదు. పెద్ద విమానాశ్రయములు వసూలుచేయు రుసుములను అయిదేండ్లకొకసారి ఒక ప్రభుత్వ ప్రాధికార సంస్థ నిర్ణయించును. ఒక అయిదేండ్లలో రావలసిన ఆదాయము రాకున్నచో ఆ లోటును తరువాతి అయిదేండ్ల లెక్కలో కలుపుటకు వీలున్నది. శంషాబాదులో 2019-20లో 2 కోట్ల 16 లక్షలుగ నుండిన ప్రయాణికులు 2020-21లో 80 లక్షలకు పడిపోయిరి. 2022 ఏప్రిలునుండి అచ్చట దేశీయ ప్రయాణికుడు చెల్లించు రుసుము 281 రూపాయలనుండి 480 రూపాయలకు పెరిగినది. ఈ పెంపు అంతయు మహమ్మారి లోటే యని నేననను. విస్తరణ ఖర్చులును అందులో కలవు. కాని ఖాళీ టెర్మినలు ఖర్చులో కొంత, మరల నిండిన టెర్మినలులో నిలుచున్నవారు చెల్లించిరనుట నిజము. ఢిల్లీలోనైతే ప్రభుత్వ విమానాశ్రయ సంస్థకు ఇయ్యవలసిన రాబడి వాటాను దైవికోపద్రవ నిబంధన చూపి కంపెనీ నిలిపివేయగా, 2024లో మధ్యవర్తుల తీర్పు కంపెనీకి అనుకూలముగ వచ్చినది. విమాన సంస్థకు ఇట్టి నిబంధనలు లేవు. గడచిన ఏడాది ఎగురని సీటు లోటును వచ్చు ఏడాది టిక్కెట్టులో కలిపినచో ప్రయాణికుడు పక్క సంస్థకు పోవును.

కనుక అమెరికాలోని కొడుకును, కూతురును చూచుటకు శంషాబాదునుండి బయలుదేరు మన పెద్దవారు, షేరు కొనకున్నను ఈ వ్యవహారములో భాగస్వాములే. ఆ రుసుములు నిర్ణయించుటకు ముందు ప్రాధికార సంస్థ ముసాయిదాను ప్రకటించి ఎవరి అభిప్రాయమునైనను స్వీకరించును. మన సంఘములవంటివి వ్రాసినచో త్రోసివేయుటకు కారణము లేదు. షేరు ధర ఎటు పోవునోయని ఊహించుటకంటె ఇది మనకు అందుబాటులో నున్న పని.

మన జయపురమునకు 2022 అక్టోబరు 31న విమాన సర్వీసు మొదలయినపుడు ఈ ప్రాంతమంతయు సంతోషించినది. తొమ్మిదిమంది పట్టు చిన్న విమానము. అట్టి సర్వీసులు టిక్కెట్ల రాబడితో మాత్రమే నడువజాలవు. ఉడాన్ పథకము క్రింద లోటు భర్తీ కావలెను. ఆ భర్తీకి కావలసిన నిధిలో కొంత పెద్ద దారులలో తిరుగు విమానములపై వేసిన సుంకమునుండి వచ్చును. పెద్ద విమానములు నిలిచినచో ఆ సుంకమును నిలుచును. ఢిల్లీ, ముంబాయి షేర్లు లేచిన రోజున జయపురమునకు ఒక సీటు పెరుగదు గాని, అవి నేలబడిన రోజున ముందుగ కదలునది ఇట్టి చిన్న సర్వీసుల పునాదియే. మనవారు బజారు వార్తలను ఈ కోణమునుండి చదువుట నేనెచ్చటను చూడలేదు.

స్వంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. గుణుపురములోని మా మేనల్లుడు 2020 చివర ఒక విమాన సంస్థ షేర్లు కొన్నాడు. ఆ సంస్థ పేరు ఇచ్చట అనవసరము. “మావయ్యా, టీకా వచ్చేస్తోంది, ఇంక విమానాలు ఎగరకుండా ఉంటాయా?” అని అడిగినాడు. ఎగురుననియే నేనును అనుకొంటిని, అడ్డు చెప్పలేదు. ఆ సొమ్ము 2022 వేసవిలో చెల్లెలి వివాహమునకై ఉంచినదని నాకు అప్పుడు తెలియదు. విమానములు ఎగిరినవి. పెండ్లినాటికి షేరు ధర మాత్రము కొన్నదానిలో సగమునకు దిగువన నున్నది. ముహూర్తము బజారుకై ఆగదు గదా! అమ్మి, మిగిలినది అప్పుచేసి పెండ్లి జరిపిరి. అతని ఊహ తప్పని నేననను. దేశీయ ప్రయాణికుల సంఖ్య 2019 నాటి మట్టమును దాటినది 2023లో. అతనికి సొమ్ము కావలసినది ఒక ఏడాది ముందు.

ఈ కారణముచేతనే మూడేండ్లలోపల అక్కరపడు సొమ్మును ఈ షేర్లలో పెట్టరాదని నేను ఎవరడిగినను చెప్పుచున్నాను. మిగులు సొమ్మున్నవారు కొనరాదని చెప్పుటకు నేనెవడను? కొనువారు రోగపు వార్తకంటె ముందు ఆ కంపెనీ వార్షిక నివేదిక తెరచి, విమానములొకటియు ఎగురకున్నచో ఎన్ని నెలల ఖర్చు చేతిలో నున్నదో, అప్పులు, అద్దెలు ఎప్పటికి చెల్లింపవలెనో చూడవలెను. మన తాతలు ఒకనికి సరకు అరువిచ్చుటకు ముందు వాని అప్పులు విచారించెడివారు. ఫోనులో వ్రేలితో నొక్కి వేయి రూపాయలు పంపునపుడు ఆ విచారణ మనకు విసుగైనది.

నాడు అరుగుమీద కూర్చున్న నలుగురిలో ఇద్దరు మొన్న మరల వచ్చిరి. ఒకడు ఒక విమానాశ్రయ కంపెనీ నివేదికను ఫోనులోనే తెచ్చి, అప్పుల పుట ఎచ్చట నుండునో చూపుమనెను. నా కండ్లకు ఆ అక్షరములు ఆనలేదు. కాగితముపై అచ్చుతీయించి తెమ్మంటిని. ఆదివారము ఉదయము వచ్చెదమని చెప్పి వెళ్లిరి.